కాలేయానికి కొవ్వు పడితే ఎముకల సంగతేమిటి?

ఏ కడుపునొప్పికో స్కానింగు తీయించుకుంటారు. "కాలేయానికి కొవ్వు పట్టింది" అని రిపోర్టు వస్తుంది. ఆ రోజు నుంచి ఇంట్లో వేపుళ్ళు తగ్గుతాయి. మంచిదే. కాని ఎముకల సంగతి ఎవరికీ గుర్తురాదు. "నాది పుష్టిగల ఒళ్ళు, నా ఎముకలకేం?" అని ధీమా కూడాను.

ఈ ధీమా సగమే నిజం. బరువు మోసే ఎముక కొంత గట్టిపడేమాట వాస్తవమే. కాని కొవ్వు పొట్టలోను, కాలేయంలోను పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఎముకను కరిగించే కణాలను రెచ్చగొట్టే పదార్థాలు రక్తంలో పెరుగుతాయి. లావుగా ఉన్నవారి రక్తంలో డి విటమిన్ తక్కువగా ఉండటం కూడా మామూలే.

అలాగని కాలేయంలో కొవ్వున్న ప్రతివారికీ ఎముకలు గుల్లబారవు. పరిశోధనలు కూడా అన్నీ ఒకే మాట చెప్పడం లేదు. దానికి ఈ క్రింది వాటిలో ఏవైనా తోడైతే మాత్రం జాగ్రత్తపడాలి.

1. ముట్లుడిగిన స్త్రీలు. మన రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు ఎక్కువ. దానితోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే ఎముక క్షీణించడం అప్పుడే మొదలవుతుంది.

2. షుగరు వ్యాధి. వీరికి పరీక్షలో ఎముక బాగున్నట్టు కనిపించినా విరగవచ్చు.

3. సారాయి, సిగరెట్టు, బీడీ.

4. ఉబ్బసానికో కీళ్ళనొప్పులకో నెలల తరబడి వాడే స్టీరాయిడ్లు. పేరు తెలియని బిళ్ళల్లోనూ ఇవి ఉండవచ్చు. షుగరుకు వాడే పయోగ్లిటజోన్ వల్ల స్త్రీలలో ఎముకలు విరిగే అవకాశం పెరుగుతుంది. మీ అంతట మీరు మానకండి, డాక్టరుతో మాట్లాడండి.

5. కాలేయం గట్టిపడి సిరోసిస్ దాకా రావడం. డి విటమిన్ కాలేయంలో మార్పు చెందితేగాని ఒంటికి పనికిరాదు. ఈ దశలో ఆ పని కూడా కుంటుపడుతుంది.

6. తల్లికో తండ్రికో తుంటి ఎముక విరిగి ఉండటం.

గుల్లబారిన ఎముక విరిగేదాకా నొప్పి తెలియదు. స్నానాలగదిలో కాలుజారి తుంటి విరిగితే మనిషి మంచాన పడతాడు. అంచేత పై వాటిలో రెండు మూడు మీకు వర్తిస్తే ఎముకల సాంద్రత పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. ముట్లుడిగిన స్త్రీలలోను, 50 దాటిన మగవారిలోను టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకు తక్కువ గాని ఉంటే ఎముకలు గుల్లబారినట్టే.

బరువు తగ్గితే కాలేయానికి మేలు. కాని కడుపు మాడ్చుకుని గబగబా తగ్గితే కొవ్వుతోపాటు కండ, ఎముక కూడా తరుగుతాయి. వారానికి అరకిలో నుంచి కిలోదాకా తగ్గితే చాలు. రోజూ నడవండి. వారానికి రెండు మూడుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేయండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే. రాగిజావ, వెన్న తీసిన మజ్జిగ, ఆకుకూరలు, పప్పు కాలేయానికీ ఎముకలకూ కూడా మంచివి.

ఒక హెచ్చరిక. వారానికొకటి వేసుకోమని ఇచ్చే 60,000 యూనిట్ల డి విటమిన్‌ను, డాక్టరు చెప్పిన గడువు దాటాక సొంతంగా కొనసాగించకండి. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఈసారి కాలేయం కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "నా ఎముకల మాటేమిటి?" అని కూడా అడిగి రండి.