తెర వెనుక ప్రార్థన

ఈ టపా కొందరు మిత్రులకు రుచించకపోవచ్చు. అయినా వ్రాయక తప్పదనిపించింది.

మతంలో ఔదార్యం అనగానే మనం రామమోహనరాయలతో మొదలుపెడతాం. 1828లో కలకత్తాలో ఆయన స్థాపించిన బ్రహ్మసభలో విగ్రహం లేదు. కులమతాలతో నిమిత్తం లేకుండా ఎవరైనా రావచ్చు. ఇతరుల ఆరాధనను అక్కడ నిందించరాదని 1830 నాటి ధర్మకర్తృత్వపత్రం శాసించింది. ఇంతవరకు అందరం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోనిది ఒకటుంది. ఆ సభలో ముందుగా జరిగేది వేదపఠనం. అది పక్కగదిలో, తెరచాటున జరిగేది; బ్రాహ్మణేతరులకు ఆ గదిలో ప్రవేశం లేదు. పఠించినవారెవరనుకున్నారు? ఇద్దరు తెలుగు బ్రాహ్మణులు!

ఆ తెర తరువాతి తరంలో తొలగింది. మన గోదావరి సీమకూ ఆ గాలి సోకింది. రాజమండ్రిలో వీరేశలింగం 1878లో ప్రార్థనసమాజం నెలకొల్పారు. 1904 నుండి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడు దళిత విద్యార్థులకూ, స్త్రీలకూ ఆ కళాశాల తలుపులు తెరిచారు. కోనసీమకు ఎగువన రాజమండ్రి, గౌతమి దాటితే కాకినాడ. ఇంత చేరువలో వెలిగిన ఆ దీపం అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఎందుకు నిలబడలేదు?

నా సమాధానం ఇది. మనం సంస్కర్తల పెళ్ళిళ్ళను గుర్తుంచుకున్నాం, పాఠశాలలను గుర్తుంచుకున్నాం. వాటి వెనుకనున్న వారంవారం ప్రార్థనను మరిచిపోయాం. 1881లో వీరేశలింగం జరిపించిన తొలి వితంతువివాహం గురించి పిల్లలకు చెబుతాం. అదే మనుషులు వారానికోసారి ఒకచోట కూర్చునేవారని చెప్పం. అందుచేతనే మన ఉదారత జయంతికీ వర్ధంతికీ దండలు వేసి ఇంటికి పోతుంది.

ఆదివారం ఉదయం మా వైపు రండి. పేట ప్రార్థనామందిరంలో మైకు మోగుతుంది, ఊరి గుడిలో గంట మోగుతుంది. రెండూ వినడానికి ఇంపుగానే ఉంటాయి. కాని నేనెరిగిన ఊళ్ళలో పేట మనిషీ, ఊరి మనిషీ పక్కపక్కన కళ్ళు మూసుకొని కూర్చునే చోటు ఒక్కటీ లేదు. తెర కలకత్తాలో తీశారు కాబోలు, మన కొబ్బరితోటల మధ్య ఇంకా వ్రేలాడుతూనే ఉంది.

అతిశయోక్తి అంటారా? 2022 మే 24, మంగళవారం. జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో సాగిన ఆందోళన హింసగా మారి, ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబడ్డాయి. అంతర్జాలం నిలిపివేశారు. పోలీసులు వచ్చారు, నాయకులు ప్రకటనలిచ్చారు. ఆ తరువాత వచ్చిన ఆదివారం మాట అడుగుతున్నాను. కోపంతో ఉన్నవాడూ, భయంతో ఉన్నవాడూ ఒకే చాపమీద కూర్చోగలిగిన చోటు ఆ పట్టణంలో ఏదీ? ఇల్లు కాలాక తవ్వే బావి కాదు ప్రార్థనాసమాజం. యాభై ఆదివారాలు కలిసి కూర్చున్నవాళ్ళకే యాభైయొకటవ ఆదివారం అక్కరకు వస్తుంది.

హేతువాద మిత్రులు నవ్వుతారని తెలుసు. "దేవుడే లేనప్పుడు ప్రార్థన ఎందుకోయ్?" అంటారు. సరే, దేవుణ్ణి పక్కన పెడదాం. మీ సభల్లో వేదికమీద ఒకడు మాట్లాడతాడు, వందమంది వింటారు, ఎవరి ఇంటికి వారు పోతారు. పక్కవాడి తల్లికి జబ్బు చేసిందని మీకెప్పుడైనా తెలిసిందా? భక్తులకు తెలుస్తుంది. వారి దగ్గర మనం నేర్చుకోవలసినది అదొక్కటే, అయినా చాలా పెద్దది.

కనుక రాబోయే మూడు ఆదివారాలకు నా ప్రతిపాదన. మొదటిది అమలాపురంలో: ఆనాటి పగను గురించి, ఉపన్యాసం లేకుండా, ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు. రెండవది రాజోలులో: ఎవరికి నచ్చిన గ్రంథం నుండి వారు చదవాలి, ఎవరూ ఖండించరాదు. మూడవది కొత్తపేటలో: మౌనం, పాట, ఆపైన పేటలో వండిన భోజనం. మొదటి రెండింటికీ చాలామందే వస్తారు. మూడవ ఆదివారం విస్తరి ముందు ఎందరు మిగులుతారో, మన ఔదార్యం అంతే.

నేను ముగ్గురితోనైనా మొదలుపెడతాను. మీరు వస్తారా?