గడ్డికీ బయానా ఇవ్వాలి

పామర్రు: 75 కిలోల ధాన్యం బస్తాలో ఊక సుమారు 15 కిలోలు, తవుడు 6 కిలోలు. ఊక బాయిలర్లకు, తవుడు నూనె మిల్లులకు, నూనె తీసిన తవుడు కైకలూరు చేపల చెరువులకు మేతగా పోతున్నాయి. బేరానికి రానిది గడ్డి ఒక్కటే. బరువులో అది ధాన్యానికి తీసిపోదు. కోత యంత్రం దిగిన చేలలో కొందరు దానికి నిప్పు పెడుతున్నారు. పురుగులను తినే సాలీళ్లు అందులో మాడిపోతే రైతు ఆ మేరకు మందు చల్లాలి. ఆ మందు మురుగు కాలువల్లో పడి దివిసీమ మడ అడవుల దారి పడుతుంది.

గడ్డి తేలిక, లారీ బాడుగ బరువు అన్న మాట నిజమే. అందుకే వర్తకులు ధాన్యంతోపాటే గడ్డికీ బయానా ఇచ్చి, కట్టలు కట్టే యంత్రం పంపి, దగ్గరి పాడి రైతులకే అమ్మాలి. బూడిదకు కమీషన్ రాదు.