ఎండ కాసే జిల్లాకు మిగిలేదేమిటి?

బొగ్గు తవ్వితే ఆ జిల్లాకు వాటా ఇవ్వాలని చట్టం చెబుతోంది. 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించాక గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతానికి, వేలంలో గని దక్కించుకున్నవారు 10 శాతానికి సమానమైన సొమ్మును అదనంగా అందులో జమచేయాలి. నదికి అడ్డుకట్ట వేసి కరెంటు తీసినా ఇలాంటి లెక్క ఒకటుంది. హిమాచల్, ఉత్తరాఖండ్ లాంటి రాష్ట్రాలకు 12 శాతం కరెంటు ఉచితంగా దక్కుతుంది. ప్రాజెక్టు ఉన్న ప్రాంతం కోసం ఇంకో శాతం తీసిపెట్టాలని 2008 నాటి జలవిద్యుత్ విధానం చెప్పింది. ఎండకు, గాలికి మాత్రం దేశమంతటికీ వర్తించే అలాంటి నియమం ఏదీ లేదు. సౌర పలకలు పరిచిన మండలానికి ఇంత రావాలని దేశంలో ఏ కేంద్ర చట్టమూ చెప్పడం లేదు.

ఈ లోటు అందరికన్నా ముందు కనబడవలసింది రాయలసీమకు. అప్పటి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల్లోనే తిరిగాయి. కర్నూలుకు సమీపంలో గని, శకునాల గ్రామాల మధ్య దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. ఒకే చోట ఉన్న సౌర కేంద్రాల్లో ప్రపంచంలోనే పెద్దదని ఆ రోజుల్లో దాని గురించి చెప్పుకున్నారు. నంబులపూలకుంట, గాలివీడు పార్కులు ఉండనే ఉన్నాయి. పిన్నాపురంలో సౌర, పవన విద్యుత్తుతో పాటు 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీని కలిపి కట్టారు. మూడు దశాబ్దాలుగా గాలి కరెంటును, దశాబ్దంగా ఎండ కరెంటును సీమ అందరికీ ఇస్తూనే ఉంది.

అయినా సీమ ఉద్యమాల కోర్కెల జాబితాలో కరెంటు కనిపించదు. 1937 శ్రీబాగ్ ఒడంబడిక దగ్గర్నుంచి అక్కడి వాదమంతా నీళ్లు, హైకోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ తిరిగింది. అవన్నీ న్యాయమైనవే. కానీ ఆ నేల మీద కొన్నేళ్లుగా వేల కోట్ల పెట్టుబడి దిగుతుంటే, అందులో ఈ ప్రాంతానికి రావాల్సిందేమిటని గట్టిగా అడిగిన రాజకీయ వేదిక లేదు. ఉద్యోగాలు వస్తాయన్న మాటే అందరికీ చాలినట్టుంది.

ఆ ఉద్యోగాల సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో సమీకృత స్వచ్ఛ ఇంధన విధానాన్ని ప్రకటించింది. 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు దాని లక్ష్యాలు. అంకె పెద్దదే. అయితే అది ఏ రకం ఉద్యోగం, ఎన్నాళ్లుండే ఉద్యోగం, ఏ జిల్లావాళ్లకు దక్కే ఉద్యోగం? ఇంధన, పర్యావరణ రంగాల్లో పనిచేసే సీఈఈడబ్ల్యూ, ఎన్ఆర్‌డీసీ సంస్థలు 2017లో వెలువరించిన అధ్యయనం ఈ ప్రశ్నకు ఉపయోగపడుతుంది. ఒక మనిషికి ఒక ఏడాది పాటు ఉండే పనిని అది ఒక ఉద్యోగ సంవత్సరంగా లెక్క కట్టింది. నేల మీద పరిచే పెద్ద సౌర కేంద్రంలో మెగావాటుకు 3.45 ఉద్యోగ సంవత్సరాలు తేలాయి. వాటిలో సింహభాగం నిర్మాణ కాలంలోనివే. కేంద్రం నడవడం మొదలయ్యాక మెగావాటుకు మిగిలేది అర ఉద్యోగం. గాలిమరల విషయంలో మొత్తం లెక్కే 1.27.

ఆ లెక్కన చూస్తే వెయ్యి మెగావాట్ల పార్కులో ఏడాదో రెండేళ్లో గుంతలు తవ్వడానికి, స్తంభాలు పాతడానికి, పలకలు బిగించడానికి వేలమంది కావాలి. ఆ తర్వాతి పాతికేళ్లకు అయిదు వందలమంది సరిపోతారు. ఆరు వేల ఎకరాల మీద అయిదు వందలమంది! వాళ్లలోనూ స్థానికులకు ఎక్కువగా దక్కేది కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం లాంటి కాంట్రాక్టు పనులు. ఇంజనీరు బయటినుంచి వస్తాడు, ఇన్వర్టర్ మరమ్మతు చేసేవాడూ బయటినుంచే వస్తాడు.

అదే అధ్యయనంలోని మరో అంకెకు అందాల్సినంత ప్రచారం అందలేదు. ఇళ్ల కప్పుల మీద బిగించే సౌర విద్యుత్తు మెగావాటుకు 24.72 ఉద్యోగ సంవత్సరాలు ఇస్తుంది. నేల మీది పార్కుకు ఇది ఏడు రెట్లు. కారణం మరీ క్లిష్టమైనదేమీ కాదు. మూడు కిలోవాట్ల సెట్టు ఒక్కొక్క ఇంటికీ విడిగా వెళ్లాలి. కప్పు కొలవాలి, మీటరు మార్చాలి, ఏదన్నా చెడితే పిలవగానే వచ్చేవాడు పక్క ఊళ్లోనే ఉండాలి. ఆ పని చెన్నై నుంచో అహ్మదాబాద్ నుంచో చేయడం కుదరదు.

పెద్ద పార్కులు వద్దని ఎవరూ అనలేరు. అవి లేకుండా 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్తు అన్న జాతీయ లక్ష్యం అందదు, బొగ్గు వాడకమూ తగ్గదు. వాటిని ఏ షరతుల మీద రానివ్వాలన్నదే అసలు ప్రశ్న. ఆ షరతుల గురించి మాట్లాడే చోటే లేకుండా పోవడం ఇక్కడి చిక్కు.

సోంపేట ఉదాహరణ తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. శ్రీకాకుళం జిల్లా బీల చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు రైతులు, మత్స్యకారులు ఏళ్ల తరబడి పోరాడారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే సమయంలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది, తర్వాత భూమి కేటాయింపూ రద్దయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే జిల్లాలో మరో బొగ్గు కేంద్రం తలపెట్టిన కాకరాపల్లి దగ్గరా ఇలాగే కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమాలకు వీధుల్లో బలం ఉండటం నిజమే. దానితోపాటు చట్టంలో ఒక పట్టు కూడా దొరికింది. బొగ్గు కేంద్రం పెట్టాలంటే పర్యావరణ ప్రభావ నివేదిక తయారు చేయాలి, బహిరంగ విచారణ జరపాలి. బీల బంజరు భూమి కాదని, అందులో చేపలున్నాయని, మూడు కాలాల్లోనూ నీరుంటుందని అధికారుల ఎదుట నమోదు చేయించే అవకాశం అలా వచ్చింది.

సౌర పార్కుకు ఆ మెట్టు లేదు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కిందికి సౌర ఫలకాల కేంద్రాలు రావు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో వాటిని కాలుష్యం లేని శ్వేత వర్గంలో చేర్చింది. పొగ లేదు, బూడిద లేదు కాబట్టి కాలుష్యం వరకు ఆ వర్గీకరణ సబబే. అయితే బహిరంగ విచారణ పొగ గురించి మాత్రమే కాదు. భూమి ఎవరిది, దాని మీద బతికేదెవరు అన్న ప్రశ్న అధికారికంగా వినిపించే సభ కూడా అది. అదీ లేకపోతే ఆ ప్రశ్న రెవెన్యూ కాగితాల్లోనే తేలిపోతుంది.

రెవెన్యూ కాగితాల్లో సీమ నేలలో చాలా భాగం బంజరు, పోరంబోకు. వాటి మీద మేసే గొర్రెలు అడంగల్‌లో కనిపించవు. ఏ పట్టా లేకుండా తాతల నాటి నుంచి సాగుచేసుకుంటున్నవాడూ కనిపించడు. డీకేటీ పట్టా ఉన్నవాడు కనిపిస్తాడు గానీ, సొంత పట్టా ఉన్నవాడితో సమానంగా కాదు. ప్రభుత్వ భూమి కదా, ఎవరికీ నష్టం లేదనే మాట ఇలాంటి చోట్ల అబద్ధమవుతుంది.

సరిహద్దు దాటితే పావగడ ఉంది. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, దాదాపు చుట్టూరా పాత అనంతపురం జిల్లా నేలే. ఊళ్లలో వినిపించేదీ చాలావరకు తెలుగే. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు, కానీ భూమి కొనలేదు. రైతుల దగ్గర 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరవు దాదాపు ఏటా వచ్చే తాలూకాలో వానతో పనిలేని ఆదాయం అది, భూమి హక్కూ చేజారలేదు. ఆంధ్రప్రదేశ్ కూడా 2020 పునరుత్పాదక విద్యుత్ ఎగుమతి విధానంలో ఎకరాకు ఏడాదికి 31,000 రూపాయల కౌలు పద్ధతికి వచ్చింది. మంచి మార్పే. కాకపోతే పావగడ నేర్పిన రెండో పాఠాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ భూమి ఉన్నవాడికి కౌలు దక్కింది, ఆ భూమిలో కూలి చేసుకునేవాడికి ఏమీ దక్కలేదు. వేరుసెనగ పీకే పని పోయింది, బదులుగా మరో పని రాలేదు. కౌలు సొమ్ము భూయజమానికి చేరుతుంది. మొత్తం ఊరికి చేరాల్సినది ఇంకొకటి ఉండాలి.

అలాంటి వాటా తెలుగు నేలకు కొత్తేమీ కాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడాన్ని తప్పుపట్టింది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆదివాసుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలనీ చెప్పింది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులను ఆదివాసీ సంఘాలు ఎదిరిస్తున్నాయంటే దాని వెనుక ఈ చరిత్ర ఉంది. సింగరేణిలో లాభాల వాటా, వారసత్వ ఉద్యోగాలు కూడా ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, కార్మిక సంఘాలు కొట్లాడి సాధించుకున్నవి. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. రామగుండం, మణుగూరు యువతకు రేపు ఏ పని అన్న ప్రశ్న తెలంగాణకూ త్వరలోనే ఎదురవుతుంది.

ఇలా షరతులు పెట్టి సాధించుకున్న చోట్లు బయటా ఉన్నాయి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పర్యావరణ సంఘాలు, నల్లజాతి బస్తీల సంఘాలు, వినియోగదారుల సంఘాలు ఒక కూటమిగా ఊరూరా సభలు పెట్టి, ఏళ్ల ఒత్తిడి తర్వాత 2021 సెప్టెంబరులో ఒక చట్టాన్ని సాధించాయి. విద్యుత్తును 2050 నాటికి పూర్తిగా శుభ్రమైనదిగా మార్చడంతో పాటు, ఏ పట్టణాల్లో శిక్షణ కేంద్రాలు పెట్టాలి, మూతపడే బొగ్గు కేంద్రాల కార్మికులకు ఏమివ్వాలి అన్నవీ ఆ చట్టంలోనే రాశారు. స్కాట్లాండ్‌లో గాలిమరల కంపెనీలు మెగావాటుకు ఏడాదికి 5,000 పౌండ్లు చుట్టుపక్కల ఊళ్లకు ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం మార్గదర్శకం పెట్టింది. తప్పనిసరి కాకపోయినా అది పరిశ్రమలో మామూలైపోయింది.

ఇక్కడ షరతులంటే పెట్టుబడి పారిపోతుందన్న భయం వెంటనే లేస్తుంది. ఆ భయానికి కారణమూ ఉంది. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పాత పవన, సౌర ఒప్పందాల ధరలను తిరగదోడబోయి, చివరికి 2022 మార్చిలో హైకోర్టులో ఓడింది. ఒప్పందం రాసుకున్నాక ధర మార్చబోవడం వేరు, ఒప్పందానికి ముందే షరతు చెప్పడం వేరు. ఆ గొడవను చూపించి కొత్త షరతులన్నిటినీ కొట్టిపారేయడం సరికాదు.

షరతు ఖరీదు ఎంతో లెక్కవేస్తే ఈ వాదన ఇంకా పలచబడుతుంది. ఒక మెగావాటు సౌర కేంద్రం 20 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు పదిహేడున్నర లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు అయిదు పైసలు పక్కన పెడితే వెయ్యి మెగావాట్ల పార్కు మీద ఏటా దాదాపు 8 కోట్ల 75 లక్షల రూపాయలు ఆ మండలాలకు చేరతాయి. 2021లో ఆంధ్ర డిస్కమ్‌లు 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తును యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున కొనడానికి ఒప్పుకున్నాయి. ఆ ధరలో అయిదు పైసలు రెండు శాతం.

ఇలా స్థానిక నిధి పెట్టడం మొదటి పని. రెండో పని, పార్కుల మీదున్న మోజులో కొంత ఇళ్ల కప్పుల మీదికి, వ్యవసాయ ఫీడర్ల మీదికి మళ్లించడం. కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టిస్తామని రాష్ట్రం చెబుతోంది. ఈ పనిని రెండు మూడు పెద్ద కాంట్రాక్టర్లకు అప్పగిస్తే కప్పుల మీదికీ పార్కు పద్ధతే వస్తుంది, ఇరవై నాలుగు ఉద్యోగ సంవత్సరాల లెక్క నీరుగారిపోతుంది. పుట్టపర్తి, డోన్, రాయచోటి ఐటీఐలలో శిక్షణ పొందిన కుర్రాళ్ల చిన్న జట్లకు మండలాలవారీగా పని ఇవ్వాలన్న నియమం టెండరులోనే ఉండాలి.

సౌర ఫలకాలు తయారయ్యే చోటా తంటా వేరు కాదు. నెల్లూరు జిల్లా కరేడులో సౌర పరిశ్రమకు వేల ఎకరాలు సేకరించే ప్రతిపాదన మీద 2025లో రైతులు జాతీయ రహదారి ఎక్కారు. పరిశ్రమ శుభ్రమైనదే, వాళ్లు వదులుకోవాల్సింది మాత్రం సాగులో ఉన్న భూమి. హరిత ఇంధనమన్న పేరు చెప్పి ఆ గొంతును ప్రగతికి అడ్డమని కొట్టేస్తే, సోంపేటలో చేసిన తప్పే ఇక్కడా చేసినట్టవుతుంది.

2024 విధానం గడువు అయిదేళ్లు. పాతికేళ్ల ఒప్పందాలలో చాలావాటి మీద ఈలోపే సంతకాలు పడిపోతాయి, ఆ తర్వాత అడగడానికి ఏమీ ఉండదు. రాయలసీమ శాసనసభ్యులు, జిల్లా పరిషత్ సభ్యులు పార్టీల గోడ పక్కన పెట్టి మూడు అడగాలి: యూనిట్‌కు ఇంత అని స్థానిక నిధి, ప్రభుత్వ భూమి అయినా సరే గ్రామసభలో విచారణ, భూమిలేని కూలీలకు నిర్వహణ పనుల్లో మొదటి హక్కు. వీటిలో మొదటిదానికీ మూడోదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే కొత్త ఒప్పందాలన్నిటికీ వర్తించేలా ఒక జీవోతో చేయగలదు.