చిక్కుడుకాయ మనది, బజారు ఎవరిది?

సంక్రాంతి ముందరి ఈ రోజుల్లో మన పల్లెల్లో ఏ పెరడు చూసినా చిక్కుడు పందిరి నిండుగా కాసి ఉంది. సాయంత్రమైతే పచ్చి కందికాయలు ఉడికే వాసన వాకిళ్లలోకి వస్తోంది. టమాట, వంకాయ, ముల్లంగి, ఫ్లవర్, క్యాబేజీ, మెంతికూర, పాలకూర, గెనుసుగడ్డలు అన్నీ ఒక్కసారే చేతికొచ్చాయి. తినేవాడికి కూరగాయ రుచిగా, చౌకగా దొరికే కాలం ఇదే. పండించినవాడు ఎక్కువగా నష్టపోయే కాలమూ ఇదే.

ఎందుకు నష్టపోతున్నామో మనకు తెలియనిది కాదు. అందరి పంటా ఒకేసారి మార్కెట్‌కు వస్తుంది. తెల్లవారుజామున చలిలో వణుకుతూ టమాట పెట్టెలు దించితే, వేలం అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. చేతికొచ్చిన తక్‌పట్టీలో కమిషన్, హమాలీ, తరుగు పోగా, బండి కిరాయి కట్టాక మిగిలింది చూసుకుంటే కోత కూలి కూడా గిట్టదు. అదే టమాట అదే రోజు పట్టణంలో తోపుడు బండి మీద రెండు మూడు రెట్లకు అమ్ముతారు. బండివాడు కూడా పేదవాడే, ఎండలో నిలబడి అమ్ముకునేవాడే. అతని మీద మన కోపం లేదు. మనకూ తినేవాడికీ మధ్య ఉన్న మెట్లు ఎక్కువయ్యాయి, ఆ మెట్ల ఖర్చంతా మన వాటాలోంచే పోతోంది.

ఈ మెట్లు తగ్గించడానికే 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి. అంతకు ముందు 1987లోనే పంజాబ్‌లో అప్నీ మండీలు పెట్టారు. 1999 నవంబరులో తమిళనాడులో ఉళవర్ సందైలు వచ్చాయి. మన బజార్ల నియమం చాలా సూటిగా ఉండేది. అమ్మేది రైతే కావాలి, ఫొటోతో గుర్తింపు కార్డు ఉండాలి. కమిషన్ లేదు. ధర ఏ రోజుకారోజు బోర్డు మీద రాయాలి. టోకు ధర కంటే పాతిక శాతం ఎక్కువ, చిల్లర ధర కంటే పాతిక శాతం తక్కువ ఉండేలా చూడాలన్నది లెక్క. ఉదాహరణకు మార్కెట్‌లో కిలో 8 రూపాయలు, వీధిలో 16 రూపాయలు ఉన్నప్పుడు రైతు బజారులో 10 నుంచి 12 మధ్య పలకాలి. రైతుకు కనీసం రెండు రూపాయలు ఎక్కువ, కొనేవారికి కనీసం నాలుగు రూపాయలు తక్కువ. ఇద్దరికీ మేలు చేసే ఏర్పాటు ఇంతకంటే ఏముంటుంది?

పాతికేళ్లు దాటాక ఇప్పుడు ఆ బజార్లలో ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి వెళ్లి చూడండి. చిక్కుడుకాయ పక్కన ఊటీ క్యారెట్, దాని పక్కన బెంగళూరు క్యాప్సికం, వెనక ఆగ్రా ఆలుగడ్డ బస్తాలు, అన్నీ ఒకే బల్ల మీద ఉంటే ఆ బల్ల వెనక ఉన్నది రైతు కాదు. ఉల్లి, ఆలుగడ్డల కోసం పొదుపు సంఘాలకు వేరే దుకాణాలు ఇవ్వడం మొదటి నుంచీ ఉన్నదే, దాన్ని తప్పు పట్టం. రైతు పేరున కార్డు తీసుకుని వ్యాపారి బల్ల నడపడం మాత్రం తప్పు. నిరుడు చలికాలం మన సభ్యులు కొందరు ఆకుకూర గంపలతో ఒక బజారుకు వెళితే లోపల చోటు లేదన్నారు. చేసేది లేక గేటు బయట గోనెపట్టా పరుచుకుని అమ్ముకుని వచ్చారు. రైతు పేరు బోర్డు మీద ఉంది, రైతు మాత్రం రోడ్డు మీద ఉన్నాడు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. రెండు గంపల కాయ కోసం ఒక మనిషి రోజంతా పోగొట్టుకోవడం ఎందుకని ఇంటి దగ్గరికొచ్చిన మారుబేరగాడికే ఇచ్చేస్తున్నాం. మనం వదిలేసిన చోటే వాళ్లు కూర్చున్నారు. ఇంకో సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. పత్తి, మిర్చి వేసిన మన ఇళ్లలో చాలా మంది కూరగాయలు పట్టణంలో కొనుక్కుంటున్నాం. గట్టు మీద నాలుగు చిక్కుడు పాదులు, బావి దగ్గర రెండు గుంటల ఆకుకూర వేసుకోవడం మానేశాం. ఊళ్లో పండినది ఊళ్లోనే కొనడం మనమే మానేస్తే పట్టణం వాళ్లను అడిగే హక్కు మనకెక్కడిది?

కాలానికి తగిన కూర తినమని పెద్దలు ఊరికే చెప్పలేదు. నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. ఫ్లవర్‌కు చల్లదనం ఉంటేనే గడ్డ కుదురుగా కడుతుంది. టమాటకు ఎండాకాలంలో తెల్లదోమ ఎక్కువై ఆకుముడత వస్తుంది, మందు కొట్టక తప్పదు. చలికాలంలో ఆ బాధ తక్కువ. అంటే కాలంలో కొన్న కూరకు రైతు ఖర్చు తక్కువ, తినేవారి కడుపులోకి పోయే మందూ తక్కువ. ఈ మాట కొనేవారికి చెప్పాల్సింది మనమే. ఎండాకాలంలో ఫ్లవర్ అడిగే అక్కకు చలికాలం చిక్కుడు రుచి చెప్పగలిగేది దాన్ని కోసుకొచ్చిన చెయ్యే.

ప్రభుత్వాలను, మార్కెటింగ్ శాఖలను మేము అడిగేవి ఇవి. కార్డులన్నీ ఏటా తనిఖీ చేయాలి, తోట అధికారి పొలం చూసి సంతకం పెట్టాలి. కౌలు రైతుకు కూడా కార్డు ఇవ్వాలి. సాగు చేసేవారికి గుర్తింపు ఇవ్వాలని 2011లోనే చట్టం చేసి, బల్ల దగ్గరికి వచ్చేసరికి పాసుపుస్తకం అడగడం ఏం న్యాయం? గంపతో వచ్చే మహిళలకు ఉదయం పూట చోటు విడిగా కేటాయించాలి. మొదట్లో నడిపిన తెల్లవారుజాము బస్సులను మళ్లీ నడపాలి. హాస్టళ్లు, మధ్యాహ్న భోజన బడులు చలికాలం కూరగాయలను దగ్గరలోని రైతుల దగ్గరే కొనాలి.

అడిగి ఊరుకుంటే ఏదీ రాదు. గ్రామ కమిటీలు ఈ నెలలోనే కూర్చుని పది కుటుంబాలకు ఒక జట్టు కట్టండి. పది ఇళ్ల కాయ ఒక ట్రాలీ ఆటోలో వేసి, వంతుల వారీగా ఇద్దరు బజారుకు వెళ్లండి. లెక్క సాయంత్రం అందరి ముందూ చెప్పండి. కార్డు ఇవ్వకపోయినా, చోటు లేదన్నా తేదీతో సహా కాగితం మీద రాసి సంఘానికి పంపండి. పది కాగితాలు వస్తే అధికారి దగ్గరికి మేమే పోతాం. నూరు కాగితాలు వస్తే అందరం కలిసి పోదాం.

ఈ సంక్రాంతికి ముగ్గులో పెట్టే గుమ్మడిపూవు దగ్గర నుంచి కూరలో వేసే చిక్కుడు దాకా మన ఊరి రైతు దగ్గరే కొందాం. మన బల్ల మీద మనమే కూర్చుందాం.