తలుపు తీసిన ఊరు



ఫ్రాన్సు దేశంలో, కొండల మీద పీఠభూమిలో లె షాంబోన్ అనే చిన్న ఊరుంది. పక్కనే లిన్యోన్ అనే ఏరు పారుతుంది కాబట్టి పూర్తి పేరు లె షాంబోన్-సుర్-లిన్యోన్. సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. రాతి ఇళ్ళు, పైన్ చెట్లు, ఆవులు, చిన్న చిన్న కమతాలు. చలికాలమంతా మంచు. ఆ ఊరి గుడి గుమ్మం మీద, ఒకరినొకరు ప్రేమించమన్న ప్రభువు ఆజ్ఞ రాతిలో చెక్కి ఉంటుంది.

ఈ ఊరి కథ మా ప్రసంగాల్లో మీరు రెండుసార్లు విన్నారు. మేము చెప్పిన తీరు సరిగా లేదని ఇప్పుడు అనిపిస్తోంది.

మేము చెప్పింది ఇలా. 1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. సంధి మీద సంతకాలైన మరుసటి రోజు ఆదివారం. ఆ ఊరి పాస్టరు ఆండ్రే ట్రోక్మే గారు, తోటి పాస్టరు ఎదువార్ తేస్ గారు, అన్యాయాన్ని ఆత్మసంబంధమైన ఆయుధాలతో ఎదిరించాలని ప్రసంగవేదిక మీద నుంచి చెప్పారు. 1942 ఆగస్టులో పోలీసులు బస్సులు వేసుకొచ్చి, దాక్కున్న యూదుల పేర్లు రాసిమ్మన్నారు. పాస్టరు గారు ఇవ్వలేదు. 1943 ఫిబ్రవరిలో ఆయన్నీ, తేస్ గారినీ, బడి ప్రధానోపాధ్యాయుణ్ణీ పట్టుకెళ్ళి నిర్బంధ శిబిరంలో పెట్టారు. ప్రభుత్వానికి విధేయులమని సంతకం పెడితే వదిలేస్తామంటే పాస్టర్లిద్దరూ పెట్టలేదు.

ఇదంతా నిజమే. కానీ ఇలా చెబితే ఎవరికి లాభం? పాస్టరు గొప్పవాడైతే చాలు, సంఘం కూర్చుని వింటే సరిపోతుందని అర్థమొస్తుంది. మా వంటి సేవకులకు ఈ కథ తియ్యగా ఉండటానికి కారణం కూడా అదే. ఒక్క పాస్టరు ఇంట్లో ఎంతమంది దాక్కోగలరు? దాచింది రైతులు. గొడ్ల పాకల్లో, అటకల మీద, బోర్డింగ్ ఇళ్ళలో దాచారు. పక్క పల్లెల్లో డార్బీ సంఘాల వారున్నారు, మన నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ సంఘాలకు దూరపు చుట్టాల్లాంటివారు. ఎక్కువ మాట్లాడరు, బైబిలు చదువుకుంటారు. వాళ్ళూ దాచారు, కతోలిక్కులూ దాచారు. మొత్తం అయిదువేల మందిని కాపాడారని చాలాకాలం చెప్పుకున్నారు. చరిత్రకారులు తర్వాత ఆ లెక్క తగ్గించారు. పెద్ద అంకె చెప్పడం మాకూ అలవాటే గనుక ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాం.

ఆ రైతులకు ఆ ధైర్యం ఒక్క ప్రసంగంతో రాలేదు. వాళ్ళ పూర్వీకులు హ్యూగెనాట్లు. 1685లో ఫ్రాన్సు రాజు వాళ్ళ ఆరాధనను నిషేధించాడు. ఆ తర్వాత తరాల తరబడి అడవుల్లో, కొండ చరియల్లో రహస్యంగా కూడుకున్నారు. దొరికిన మగవాళ్ళను ఓడల్లో తెడ్లు వేయడానికి బానిసలుగా పంపారు, ఆడవాళ్ళను చెరలో వేశారు. ఆ ప్రాంతపు మరీ ద్యురాన్ అనే ఆమె 1730 నుంచి 1768 వరకు, అంటే 38 ఏళ్ళు ఒక బురుజులో బందీగా ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని అమ్మమ్మలు చెప్పే కథలు ఆ ఊళ్ళో ఇవే. మమ్మల్నీ ఇలాగే తరిమారు అన్నది వాళ్ళకు పుస్తకంలో చదువుకున్న సంగతి కాదు. దాని మీద ట్రోక్మే గారు ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం తెరిచి, ఆశ్రయపురములను గూర్చి బోధించారు. యౌవనస్థులు ఆ వాక్యం తీసుకుని ఇంటింటా చిన్న కూటములు పెట్టేవారు. తర్వాత మనుషుల్ని చేరవేయడానికి ఉపయోగపడింది ఆ కూటములే.

మేము ఎప్పుడూ సరిగా చెప్పనిది పాస్టరమ్మగారి సంగతి. 1940-41 చలికాలంలో ఒక రాత్రి మంచులో తడిసిపోయి ఒక స్త్రీ తలుపు కొట్టింది. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదురాలు. మగ్దా అమ్మగారు లోపలికి రమ్మని పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ఆమె తడి చెప్పులు ఆరడానికి పొయ్యి లోపల పెట్టారు. అవి కాస్తా కాలిపోయాయి! యుద్ధంలో చెప్పులు దొరకడమంటే మాటలు కాదు, అమ్మగారు వేరే జత కోసం ఊరంతా తిరగవలసి వచ్చింది. గుర్తింపు కాగితాల కోసం మేయరు దగ్గరికి వెళ్తే ఆయన మండిపడ్డాడు. ఒక్క పరాయి మనిషి కోసం ఊరినంతా ప్రమాదంలో పెడతావా, రేపటికల్లా పంపించెయ్యి అన్నాడు. గమనించండి, మొదటి రోజున ఆ ఊళ్ళో కూడా లేదు అన్నవాళ్ళున్నారు. ఆ స్త్రీని ఉంచుకోలేక వేరే ఇంటికి పంపవలసి వచ్చింది. అమ్మగారికి ఆ బాధ చాలాకాలం ఉంది. ఆ తర్వాత వచ్చినవారికి తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. బాప్తిస్మం పుచ్చుకుంటేనే అన్నం పెడతామని ఎవరూ షరతు పెట్టలేదు.

నష్టం లేకుండా జరగలేదు. పాస్టరు గారి దగ్గరి బంధువు దనియేల్ ట్రోక్మే విద్యార్థి వసతిగృహం చూసుకునేవాడు. 1943 జూన్‌లో ఆయన్ని విద్యార్థులతో కలిపి పట్టుకున్నారు. మరుసటి ఏడు మజ్దానెక్ మరణ శిబిరంలో చనిపోయాడు.

ఇప్పుడు మన సంగతి. పోయిన వానాకాలం ఇటుక బట్టీ కూలీల కుటుంబమొకటి రాత్రి తొమ్మిదింటికి మన మందిరం గేటు దగ్గర నిలబడింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఒడియా తప్ప రాదు, వచ్చీరాని తెలుగు. బట్టీ మేస్త్రీతో ఏదో గొడవ. మేము గేటు లోపల గొడుగు కింద నిలబడి ఏమడిగామో దేవునికి తెలుసు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎవరు పంపారు? పెద్దల్ని అడక్కుండా మందిరం తాళం తీయలేమని చెప్పి, రొట్టెల పొట్లమిచ్చి, పొద్దున రమ్మన్నాం. పొద్దున ఎవరూ రాలేదు. ఎటు వెళ్ళారో ఇప్పటికీ తెలియదు. లె షాంబోన్ గురించి రెండోసారి ప్రసంగించింది ఆ నెలలోనే.

మందిరం వెనక గదిని ఇలా వచ్చేవారి కోసం తెరిచి ఉంచాలని మా అభిప్రాయం. మైకు సెట్టు పోతుందని, పోలీసుల తలనొప్పి వస్తుందని, బట్టీ యజమాని మన మీద కోపం పెట్టుకుంటాడని కొందరు పెద్దలు అంటున్నారు. అవి ఉత్తి భయాలు కావు. మైకు సెట్టు మా ఇంట్లో పెట్టుకుంటాం. మిగతా రెండింటికీ మా దగ్గర జవాబు లేదు. లె షాంబోన్ మేయరు చెప్పినదీ ఇదే భయం, అతనూ పూర్తిగా తప్పు చెప్పలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల కూటం ఉంది. స్త్రీల సమాజం వారు కూడా ఉండాలని కోరుతున్నాం, ఎందుకంటే రాత్రి పూట తలుపు తీసేది ఎక్కువగా మీరే. గదిలో ఒక మంచం ఉంది. రెండు దుప్పట్లు, ఒక కిరోసిన్ లాంతరు కావాలి. ఇవ్వగలవారు శనివారం లోపు చెప్పండి.