కాలు తీసే ముందు రక్తం కొలవండి!



పోస్టు కాస్త పెద్దదే. ఓపిగ్గా చదవండి, ఇది మన తాతల, అవ్వల కాళ్ల గురించి.

కొండ మీద బతుకంతా కాళ్ల మీదే నడుస్తుంది. పోడుకు పోవాలన్నా, సంతకు దిగాలన్నా, రేషన్ మోసుకు రావాలన్నా నడకే. ఆ కాలు పోతే మనిషి మంచాన పడతాడు, ఇల్లు అప్పుల పాలవుతుంది. అందుకే మేం గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మానని పుండుతో వచ్చిన మనిషికి, కాలికి రక్తం ఎంత అందుతోందో కొలవకుండా నెలల తరబడి కట్లు కట్టొద్దు. ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికొస్తే అది వేరే సంగతి. మిగతా ఎవరికీ కొలవకుండా కాలు తీయొద్దు.

ఇప్పుడు ఏం జరుగుతోందో మనందరికీ తెలుసు. కాలి వేలికి చిన్న పుండు పడుతుంది. ముందు పసరు, తర్వాత ఆర్‌ఎంపీ ఇంజెక్షన్, ఆ తర్వాత ఆస్పత్రిలో కట్టు. నెలలు గడుస్తాయి. వేలు నల్లబడ్డాక డోలీ, ఆటో, అంబులెన్స్ మారి పట్నం చేరితే "ఆలస్యమైంది, కాలు తీయాలి" అంటారు. ఈ దారి పొడుగునా ఎక్కడా రక్తప్రవాహం కొలిచి ఉండరు.

కొలవడం పెద్ద మాయేం కాదు. ఘాట్ రోడ్డులో బస్సు మన వైపు వస్తున్నప్పుడు హారన్ సన్నగా వినిపిస్తుంది, దాటిపోయాక బొంగురుగా మారుతుంది కదా. ఈ సంగతిని 1842లో క్రిస్టియన్ డాప్లర్ అనే శాస్త్రవేత్త వివరించాడు. డాప్లర్ స్కాన్ పని చేసేది దీని మీదే. చర్మం మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, మన చెవికి వినపడని శబ్దం లోపలికి పోతుంది. పారే రక్తకణాలకు తగిలి తిరిగొచ్చేటప్పుడు ఆ శబ్దం మారుతుంది. ఆ తేడాను బట్టి మెషిన్ రక్తం వేగం లెక్కగడుతుంది. సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కూడా లేదు.

గజ్జ నుంచి తొడ, మోకాలి వెనక, చీలమండ దాకా ధమనిని ఇలా చూసుకుంటూ వస్తారు. నీళ్ల పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి కదా, ధమని ఇరుకైన చోట రక్తం కూడా అలాగే ఉరుకుతుంది. పక్కనున్న మంచి భాగంతో పోలిస్తే అక్కడ వేగం 2 రెట్లు దాటితే, దాదాపు సగమో అంతకంటే ఎక్కువో మూసుకుపోయిందని అర్థం. అక్కడి నుంచి కిందికి ప్రవాహం నీరసిస్తుంది. పూర్తిగా మూసుకుపోతే ఆ చోట ప్రవాహమే కనపడదు.

"ఏజెన్సీలో స్కాన్ డాక్టర్ ఎక్కడున్నాడు?" అని అడుగుతారు. నిజమే. కానీ మొదటి మెట్టుకు అంత పెద్ద మెషిన్ అక్కర్లేదు. చేతిలో పట్టే పెన్ను లాంటి చిన్న డాప్లర్, బీపీ పట్టీ ఉంటే చాలు. చేతి బీపీ చూస్తారు, చీలమండ దగ్గర బీపీ చూస్తారు, కాలిదాన్ని చేతిదాంతో భాగిస్తారు. చేతిలో 140, కాలిలో 70 వస్తే 0.5. మామూలుగా 1.0 నుంచి 1.4 మధ్య ఉండాలి. 0.9 లేదా అంతకంటే తక్కువైతే ధమనిలో అడ్డు ఉన్నట్టే. శిక్షణ ఇస్తే నర్సు చేయగల పని ఇది. ఒక్క జాగ్రత్త: ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్ల ధమనులు గట్టిపడి అంకె దొంగగా ఎక్కువ చూపించొచ్చు. 1.4 దాటితే బాగుందని వదిలేయకూడదు, పుండు ఉంటే అంకె మామూలుగా ఉన్నా పై పరీక్షకు పంపాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. అన్ని పుండ్లూ ఒకటి కావు. సిరలు చెడిపోయి వచ్చే పుండుకు బిగుతు కట్టు మంచి వైద్యం. ధమని మూసుకుపోయిన కాలికి అదే బిగుతు కట్టు కడితే, వచ్చే కాస్త రక్తం కూడా ఆగి కాలే పోవచ్చు. మనవాళ్లలో ఉన్న సికిల్ సెల్ వల్ల కూడా చీలమండల దగ్గర పుండ్లు పడతాయి. ఏ పుండు ఏదో కంటితో చూసి ఖాయంగా చెప్పలేరు. అందుకే ముందు కొలవమంటున్నాం. 2023లో మొదలైన సికిల్ సెల్ మిషన్ కోసం మన ఊళ్లకు కిట్లు తెచ్చి పరీక్షలు చేస్తున్నారు. అలాంటప్పుడు చిన్న డాప్లర్ తేవడం ఎందుకు కుదరదు?

పాడేరు, సీతంపేట, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం... ఏ ఐటీడీఏ పరిధిలోనైనా మనం అడగాల్సినవి మూడు. ప్రతి పీహెచ్‌సీకి చేతి డాప్లర్, వాడటానికి నర్సులకు శిక్షణ. ఏరియా ఆస్పత్రిలో వారానికి ఒక్కరోజైనా కాళ్ల డాప్లర్ స్కాన్. అడ్డు ఉందని తేలినవాళ్లను రక్తనాళాల సర్జన్ దగ్గరికి పంపే ఏర్పాటు, దారి ఖర్చుతో సహా. కొలిచి కాగితం చేతిలో పెడితే సరిపోదు. స్టెంటో బైపాసో చేసే చోటికి మనిషి చేరాలి.

మన వంతు పని కూడా ఉంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడగండి: నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతోందా? రాత్రిళ్లు కాలు మంచం కిందికి వేలాడేస్తే గానీ నిద్ర పట్టట్లేదా? "వయసైపోయింది" అని వాళ్లు కొట్టిపారేస్తారు, మీరు వదలొద్దు. పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి చూడండి. కొందరికి పుట్టుకతోనే పాదం పైన అందదు, కాబట్టి రెండుచోట్లా చూడాలి. కాలు ఒక్కసారిగా చల్లబడి, తెల్లబారి, తిమ్మిరెక్కి, భరించలేని నొప్పి వస్తే మాత్రం తెల్లారే దాకా ఆగొద్దు, సుమారు 6 గంటల్లోపే వైద్యం అందాలి.

చుట్ట, బీడీ సంగతి చేదుగా ఉన్నా చెప్పాలి. పొగాకు తాగే కుర్రాళ్లకు కూడా బర్జర్ జబ్బుతో వేళ్లు కుళ్లుతాయి. దానికి పొగాకు పూర్తిగా మానడమే అసలు మందు.

నర్సింగ్, రేడియోగ్రఫీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డాప్లర్ చేతి నైపుణ్యం మీద ఆధారపడిన పని. ప్రోబ్ కోణం తప్పితే అంకె తప్పుతుంది. మీరు నేర్చుకుని మన భాష తెలిసిన మనిషిగా ఆ గదిలో కూర్చుంటే, అవ్వ భయపడకుండా కాలు చాపుతుంది.

మీ మండలం ఆస్పత్రిలో డాప్లర్ ఉందా, ఉంటే పని చేస్తోందా, కనుక్కుని కింద రాయండి. అన్నీ కలిపి వినతిపత్రం రాద్దాం.

జోహార్!