సముద్రముపై సూర్యోదయము - ఒక్క చిత్రము

మన నాయ్‌గావ్‌కు సముద్రము లేదు. మహారాష్ట్రమునకున్న సముద్రము పడమటిది. అందు సూర్యుడు అస్తమించును. సాగరమునుండి పైకి వచ్చు సూర్యుని చూడవలెనన్న తూర్పున విశాఖపట్టణమునకో మచిలీపట్టణమునకో పోవలెను. త్ర్యంబకమున పుట్టి, నాందేడు ప్రక్కగా పారి, 1,465 కిలోమీటర్లు నడచిన మన గోదావరియు ఆ తూర్పు సముద్రముననే కలియుచున్నది.

విహారయాత్రకు పోయిన విద్యార్థులు అచ్చట చేయుచున్నదేమి? సూర్యునకు వీపు చూపి, సెల్‌ఫోనులలో తమ ముఖములనే తీసికొనుచున్నారు (దీనికి సెల్ఫీ యని పేరట!). ఫోనును నిషేధింపుడని మేము అనము. తలకొక్క చిత్రమే తీయవలెనను నియమము పెట్టుడని ఉపాధ్యాయులను కోరుచున్నాము. ఫిల్ము కెమెరాల కాలమున ఒక చుట్టకు 36 చిత్రములకు మించి వచ్చుట అరుదు. కావున మీట నొక్కుటకు ముందు కన్నార్పక చూచెడివారు. సూర్యబింబపు అంచు కనబడినది మొదలు అది నీటిని పూర్తిగా విడుచుటకు మన ప్రాంతములందు రెండు నిమిషములకు కొంచెము పైగా పట్టును. ఒక్క చిత్రమే తీయవలసినవాడు అంతసేపును వేరు తలంపు లేక నిలువవలసినదే. మనస్సు నిలుపుమని తలిదండ్రులు నిత్యము చెప్పునది ఇంతకన్న వేరా?

మరియొక కోరిక. ఆ చిత్రము క్రింద నాలుగు తెలుగు వాక్యములు వ్రాయింపుడు. ఇల్లు దాటిన మరాఠీ వినుచు పెరుగు మన పిల్లలకు వేకువ, తొలిసంజ, పొద్దుపొడుపు అను మాటలు పాఠ్యపుస్తకముననే మిగిలిపోవుచున్నవి. విశాఖ దూరమగువారికి గోదావరి గట్టు గలదు. ఊరి చెరువుగట్టైనను చాలును.